తీగలేని దాస్యము

పండుగ బేరముల దినములు వచ్చినప్పుడెల్ల మన పట్టణముల ఫోను అంగళ్లలో ఒక గుండ్రని పలక అద్దముల వెనుక మెఱయుచుండును. ఫోనును దానిపై నుంచిన చాలును, తీగ గ్రుచ్చ నక్కఱలేదు, విద్యుత్తు తనంత తానే యెక్కునని అంగడివారు చెప్పుదురు. బెజవాడ బీసెంటు రోడ్డునందును, హైదరాబాదు జగదీశ్ మార్కెట్టునందును, ఇంట గూర్చుండి వ్రేలితో బేరమాడు ఆన్‌లైను సంతలయందును ఈ వైర్‌లెస్ ఛార్జింగు ప్యాడు అనేక రూపములతో అమ్ముడగుచున్నది. కొనువాడు అడుగు ప్రశ్నలు రెండే: ఎన్ని వాట్లు? ఎంత ధర? ఈ రెండు ప్రశ్నలతో తృప్తినొందు కొనుగోలుదారునివంటి మిత్రుడు వర్తకునకు మఱియొకడు లేడు. ఏలయన ఆ రెంటికిని పెట్టెమీద ప్రత్యుత్తరము పెద్ద అక్షరములతో సిద్ధముగా అచ్చువేయబడియున్నది. అడుగవలసిన మూడవ ప్రశ్నకు మాత్రము లేదు. ఈ ప్యాడు ఎవరి ఆజ్ఞకు లోబడినది? అందఱకును సమానమైన ప్రమాణమునకా, ఒక్క కంపెనీకా?

ఇంత చిన్న పలకను గూర్చి సంపాదకీయమా యని నవ్వువారుందురు. 1930లో ఉప్పును గూర్చియు నవ్విరి. దినమున కొకమాఱైనను చేత ముట్టు వస్తువునందు ఎవరి యధికారము దాగియున్నదో విచారించుట రాజకీయము గాదని మేమెన్నడును నమ్మినవారము గాము.

ముందు దీని పేరులోనే యున్న అసత్యమును తొలగింతము. తీగలేని ఛార్జింగులో తీగ పోలేదు. గోడనుండి అడాప్టరు, అడాప్టరునుండి ప్యాడు వఱకు తీగ యున్నది. పోయినది ఫోను రంధ్రమున గ్రుచ్చెడి కొన మాత్రమే. ఒక తీగచుట్టలో విద్యుత్ప్రవాహము మారుచుండగా, దానిని తాకకయే ప్రక్కనున్న మఱొక చుట్టలో ప్రవాహము పుట్టునని 1831లో ఇంగ్లండున మైఖేల్ ఫారడే కనుగొనెను. ఆ ధర్మమే యిది. క్రొత్త మాయ గాదు. ప్యాడులో నొక రాగిచుట్ట, ఫోను వీపు లోపల నొక రాగిచుట్ట. ప్యాడులోని ప్రవాహము సెకనునకు లక్షకు మించిన మాఱులు అటునిటు ఊగును. నడుమ దూరము కొన్ని మిల్లీమీటరులు మాత్రమే యుండవలయును. రెండు చుట్టలును సరిగా నెదురెదురుగా నుండవలయును. ఒకటి ప్రక్కకు జరిగినచో శక్తి ఫోనున కెక్కక వేడిగా మారును. 2020లో అమెరికాలో నొక రచయిత పిక్సెల్ 4 ఫోనును తీగతో కొన్నిమాఱులు, ప్యాడుతో కొన్నిమాఱులు ఛార్జి చేసి కొలువగా, ప్యాడు సుమారు 47 శాతము అధికముగా విద్యుత్తును వాడినదని తేలినది. కరెంటు బిల్లును చూపి భయపెట్టుట మా యుద్దేశము గాదు. ఒక ఫోనునకు ఏడాదికి కలుగు అదనపు వ్యయము కొలది యూనిట్లు, కొలది రూపాయలు. విచారింపవలసినది వేడిమి. బ్యాటరీకి వేడిమియే ప్రథమ శత్రువు. తన ఫోనులను 0 మొదలు 35 డిగ్రీల వఱకుగల వాతావరణమున వాడుడని ఆపిల్ కంపెనీయే చెప్పుచున్నది. రెంటచింతలలోను, రామగుండములోను మే మాసపు మధ్యాహ్నము ఇంటి లోపల సయితము ఆ హద్దు దాటును గదా. అట్టి వేళ ప్యాడుపై నుంచిన ఫోను వేడెక్కి, తన్ను తాను రక్షించుకొనుటకై ఛార్జింగును నిలుపుకొనుట చెడుగుదల గాదు, వివేకము. ఆ వివేకము ఫోనున కున్నది. ఆ మాట పెట్టెమీద వ్రాయు వివేకము అమ్మువానికి లేదు.

అయినను ఈ పలక ఎవరికిని వలదని మేము చెప్పము. రంధ్రము అరిగి, తీగను వంచి పట్టుకొన్నగాని ఛార్జి యెక్కని ఫోను గలవారికి ఇది నిజముగా మేలు. చూపు మందగించి వ్రేళ్లు వణకెడి పెద్దలకు రాత్రివేళ ఆ సన్నని కొనను రంధ్రమున చేర్చుట ఎంతటి యవస్థయో యింట చూచినవారెఱుగుదురు; వారికి ఇది యుపకారి. దినమంతయు ఒకే బల్లకడ కూర్చుండి మాటిమాటికి ఫోనెత్తి దింపెడి గుమాస్తాలకు, వైద్యులకు, మావంటి వకీళ్లకు సుఖమే. కాని ఛార్జి యగుచుండగనే ఫోనును చేతబట్టి మాటలాడు వారికిని, కరెంటున్న గంటలోనే ఫోనును నింపుకొని పొలమునకు పోవలసిన వారికిని ఇది పనికిరాదు. వారికి తీగయే వేగము, తీగయే చౌక. అన్నిటికంటె ముందు, ఫోనులో ఆ చుట్ట యున్నదా లేదా యని చూడవలయును. మన దేశమున సామాన్యులు కొనెడి తక్కువ ధర ఫోనులలో అధికభాగమున అది లేనే లేదు. చుట్టలేని ఫోను గలవానికి ప్యాడునమ్మి, అతడు మఱునాడు తిరిగివచ్చినపుడు ఫోను వీపున నంటించుకొనుమని మఱొక పలుచని రేకునమ్మెడి అంగడివారును గలరు. ఒక అబద్ధమునకు రెండు ధరలు!

ఇక వాట్ల మాట. తీగలేని ఛార్జింగు ముగ్గురు భాగస్వాముల వ్యాపారము: గోడనున్న అడాప్టరు, నడుమ ప్యాడు, పైన ఫోను. ముగ్గురిలో ఎవడు తక్కువ తెచ్చునో వాని వాటాయే అందఱి వాటా. పెట్టెమీద 15 వాట్లని యుండును, లోపల అడాప్టరుండదు. 2020లో ఆపిల్, మఱుసటి యేడు శాంసంగు, తమ ఫోను పెట్టెలనుండి అడాప్టరును తీసివేసిన నాటినుండి ఈ యాచారము బలపడినది. కొన్నవాడు ఇంటనున్న పాత 5 వాట్ల అడాప్టరును తగిలించును. ప్యాడునకు ముట్టునది ఐదు. దారిలో పోగా ఫోనునకు చేరునది అంతకంటెను తక్కువ. రాత్రియంతయు ఉంచినను నిండలేదని అతడు ఫోనును నిందించును. పెట్టెను మరల చూడుమందుము. 15 అను సంఖ్య ప్రక్కన, చీమతలవంటి అక్షరములలో, "వఱకు" అను మాట యుండును. ఈ "వఱకు" ఎట్టిదో న్యాయస్థానములలో తిరుగువారెఱుగుదురు. సున్నయు పదునైదు వఱకు గల సంఖ్యయే గదా!

ఇది అల్పమగు మోసము. దీనికంటె గంభీరమైనది మఱియొకటి కలదు. అంగడివాడు చేయునది గాదది, ఫోను చేసినవాడే చేయునది. 2020లో ఆపిల్ కంపెనీ ఐఫోను 12తోపాటు మాగ్‌సేఫ్ అను అయస్కాంతపు ఛార్జరును తెచ్చినది. తన ఛార్జరుపైనను, తన యనుమతి పొందిన వారి ఛార్జరులపైనను ఆ ఫోనునకు 15 వాట్ల వఱకు అందును. అందఱికిని సామాన్యమైన ప్రమాణము ననుసరించి చేసిన ఇతర ప్యాడులపై నాడు 7.5 వాట్లు మాత్రమే అందెను. అయస్కాంతములవలన చుట్టలు చక్కగా కుదురుకొనునను మాట నిజమే. దానిని మేము కాదనము. కాని ఆ కుదురు ఒక్కరి చేతిలోనే యుండనేల? అదే సంవత్సరము వన్‌ప్లస్ కంపెనీ తన 8 ప్రో ఫోనునకు 30 వాట్ల ప్యాడును అమ్మినది. ఆ 30 రావలెనన్న ప్యాడు వారిదే కావలయును, ఫోను వారిదే కావలయును, అడాప్టరును వారిదే కావలయును. ఇంకొకరి ఫోనును దానిపై నుంచిన అందులో అల్పభాగమే ముట్టును. తరువాత ఈ మార్గమున నడచిన కంపెనీలు మఱికొన్ని కలవు. 50 వాట్లనియు, అంతకు మించినవనియు ప్రకటించునవన్నియు ప్రాయికముగా ఈ జాతివే. ఫోను మార్చిననాడు ఈ ప్యాడు బల్లమీద బరువగును; ప్యాడు వ్యర్థమగునను భయమున మరల ఆ కంపెనీ ఫోనునే కొనవలసివచ్చును. కొన్నవాడు యజమాని యనుకొనుచుండును, కట్టుబడినది తానే! తీగ పోయినది, బంధము మిగిలినది.

ఇందులకు విరుగుడు లేకపోలేదు. 2008లో కొన్ని కంపెనీలు కూడి వైర్‌లెస్ పవర్ కన్సార్షియమను సంఘముగా నేర్పడి, ఎవరి ప్యాడుపైనైనను ఎవరి ఫోనైనను ఛార్జి కావలయునని యొక ఉమ్మడి ప్రమాణమును వ్రాసికొనిరి. దానిపేరు ఇంగ్లీషు అక్షరములలో క్యూ, ఐ. పలుకవలసినది మాత్రము "చీ" యని. చీనాభాషలో దాని కర్థము ప్రాణశక్తియట. మన చెవులకు మాత్రము ఛీత్కారమువలె వినబడును. నామదోషమును క్షమించి గుణమును చూతము. 2012లో నోకియా లూమియా 920 ఈ ప్రమాణముతో వచ్చినది. ఆ కాలముననే పోటీ కూటములును పుట్టినవి. 2014 మొదలు అమెరికాలో స్టార్‌బక్స్ కాఫీశాలల బల్లలయందు పవర్‌మ్యాట్ అను కంపెనీవారు తమ ప్యాడులను పొదిగిరి. అవి వేఱొక కూటమి ప్రమాణమునకు చేరినవి. నలుగురు కూర్చుండు బల్ల; దానిలో కొందఱికే అక్కఱకు వచ్చు ప్యాడు! 2017లో ఆపిల్ చీ ప్రమాణమును గైకొనినది. 2018 జనవరిలో పవర్‌మ్యాట్ తానే ఆ సంఘమున చేరినది. ఓడిన కూటముల ప్యాడులు కొన్న జనుల సొమ్ము ఎవ్వరును తిరిగి యియ్యలేదు.

2023 జనవరిలో మఱియొక మేలు జరిగినది. అయస్కాంతముల కుదురును ఆపిల్ ఆ సంఘమునకు ఇచ్చినది. దాని ననుసరించి చీ 2 అను క్రొత్త ప్రమాణము వెలువడినది. ఐఫోను 15 మొదలగువానికి ఇక ఆపిల్ ముద్రయే లేని చీ 2 ప్యాడుపైనను 15 వాట్లు అందును. 2025లో 25 వాట్ల మెట్టును చేర్చిరి. ఆ సంవత్సరమే గూగులు పిక్సెల్ 10 ఫోనులు ఆ అయస్కాంతపు వలయమును తమ వీపునందే ధరించి వచ్చినవి. మూడేండ్లకు ముందు ఒకరి సొత్తుగా నున్నది ఉమ్మడి సొత్తైనది. ఇట్టిది సాధ్యము గాదని కంపెనీలు చెప్పునపుడు ఈ మాటను జ్ఞప్తియందుంచుకొనవలయును. ఐరోపా సంఘము 2024 డిసెంబరు 28 నుండి ఫోనుల తీగ రంధ్రములకు టైప్-సి యను ఒకే రూపము నిర్బంధము చేసినది. ఏండ్లతరబడి సాధ్యము గాదన్నవారే చట్టము రాగా సాధ్యము చేసికొనిరి.

ఇచట మా స్వదేశీ మిత్రులొక యాక్షేపణ చేయుదురు. ఈ చీ సంఘమును విదేశీయమే గదా. భారతీయ నామము గల ప్యాడునే కొని ఊరకుండరాదా? ఈ మాటలోని భక్తిని మేము గౌరవింతుము. వివేకమును మాత్రము పరీక్షింపవలసియున్నది. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమముల ననుసరించి, దిగుమతియైన సరకు పెట్టెమీద అది తయారైన దేశము పేరు వ్రాయవలయును. పెట్టెను త్రిప్పి చూడుడు. ముందు భాగమున మన దేశపు మువ్వన్నెలతో మెఱసెడి నామములు కొన్నిటి వెనుక భాగమున, చదువ కన్నులు నొచ్చు అక్షరములలో, వేఱొక దేశము పేరుండును. అట్టిది స్వదేశీ యెట్లగును? మన శ్రీసిటీలో ఫోనులు కూర్చెడి కర్మాగారములు 2015 నుండి నడచినవి. ఇచటి చేతులకు ఇట్టి పని రాదనుట కవకాశము లేదు. ప్యాడు నిజముగా ఇచట తయారై, ఉమ్మడి ప్రమాణమునకు లోబడియున్నచో దానినే మొదట కొనుడని మేమును చెప్పుదుము. రెండవది లేక మొదటిది మాత్రమే యున్న, అది మన ముద్ర వేసికొన్న సంకెల.

ఈ సందర్భమున ఖద్దరు చరిత్రను తలంపక తప్పదు. ఉద్యమకాలమున ఖద్దరునకు గౌరవము పెరుగగానే మిల్లుబట్టకు ఖద్దరను పేరుపెట్టి అమ్ముట మొదలైనది. పొందూరున సన్ననూలు వడికిన స్త్రీ నోటి యన్నమును మిల్లు యజమాని అపహరించుట యన్నమాట. 1925లో నేర్పడిన అఖిల భారత చరఖా సంఘము అంగడులకు ప్రమాణపత్రము లిచ్చినది ఇందులకే. 1934లో, పరప్రభుత్వపు కాలముననే, ఖద్దరు నామరక్షణ చట్టము వచ్చినది. ఖద్దరు, ఖాదీ యను పేర్లు గుడ్డకు తగిలించినచో అది భారతదేశమున చేత వడికిన ప్రత్తినూలుతో భారతదేశమున చేమగ్గముపై నేసినదే కావలయునని ఆ చట్టము నిర్ణయించినది. పేరు గుణమునకు సాక్ష్యమైనపుడు దొంగ సాక్ష్యమును శిక్షింపవలయునని దాని భావము.

నేడు "చీ" యను పేరునకు అదే గతి పట్టినది. సంఘమువారి పరీక్షలలో నెగ్గిన ప్యాడునకు సర్టిఫైడ్ అను మాటయు, వారి ముద్రయు నుండును. పరీక్షకు పోని ప్యాడు పెట్టెమీద "చీ కంపాటిబుల్" అనియో, "చీ ఎనేబుల్డ్" అనియో వ్రాయుదురు. కంపాటిబుల్ అనగా అనుకూలము. ఎవడు పరీక్షించి అనుకూలమనెను? అమ్మువాడే. వాదియు తానే, సాక్షియు తానే, న్యాయాధిపతియు తానే! 2025 నాటి కొన్ని శాంసంగు ఫోనులకు "చీ 2 రెడీ" యను బిరుదమున్నది. వాని వీపున అయస్కాంతములు లేవు, అయస్కాంతములుగల తొడుగును వేఱుగ కొనవలయును. రెడీ యను మాటకు మా నిఘంటువులో సిద్ధమని యర్థము; వర్తకుల నిఘంటువులో సగమని కాబోలు. ఈ చిక్కు విడదీయుటకు మార్గము సులభము. సంఘమువారు నెగ్గిన ప్యాడుల పట్టికను తమ వెబ్‌సైటునందు అందఱికిని తెఱచియుంచిరి. కంపెనీ పేరును, మోడలు సంఖ్యను కొట్టి చూడవలయును. పట్టికలో లేనిచో అంగడివాని ప్రమాణములు ఎన్నియైనను పనికిరావు.

సర్టిఫైడ్ అను మాట ఒక గౌరవము మాత్రమే యనుకొనరాదు. ప్యాడునకును ఫోనునకును నడుమ నాణెమో, తాళపుచెవియో, తొడుగునకు తగిలించిన లోహపు ఉంగరమో పడినచో అదియు ఆ చుట్టల నడుమ వేడెక్కును. అట్టి పరాయి లోహమును కనిపెట్టి విద్యుత్తును నిలుపు నేర్పు ప్యాడునకు ఉన్నదా యని ఆ పరీక్షలలో చూతురు. పరీక్షింపబడని ప్యాడు ప్రక్క పఱుపుపై పిల్లలు నిద్రించు ఇండ్లు మనవి. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకొన్న పెద్దలున్న యింట మఱియొక జాగ్రత్త. అయస్కాంతములుగల తన ఫోనును, ఛార్జరును అట్టి పరికరమునకు 15 సెంటీమీటరులకు మించిన దూరమున, ఛార్జి యగుచున్నప్పుడు 30 సెంటీమీటరులకు మించిన దూరమున నుంచవలయునని ఆపిల్ చెప్పుచున్నది. తలగడ ప్రక్క ప్యాడునకు స్థానము లేదు.

కాబట్టి కొనువాడు చేయవలసిన దేమి? ఐఫోను 12 గాని, అయస్కాంతములుగల తరువాతి ఐఫోను గాని, పిక్సెల్ 10 గాని, వీపున అయస్కాంతపు వలయముగల మఱొకటి గాని యున్నచో చీ 2 సర్టిఫైడ్ ప్యాడు కొనుట యుచితము. ఫోను దానియంతట కుదురుకొనును, వేడిమి తగ్గును. అయస్కాంతములు లేని ఫోనైన సామాన్యపు చీ సర్టిఫైడ్ ప్యాడు చాలును; క్రొత్తదానికి అధిక ధర యియ్యనేల? తొడుగు దళసరిదైన మార్చవలయును. అడాప్టరు ప్యాడు కోరిన వాట్లకు తగ్గినది కారాదు. 15 వాట్ల ప్యాడునకు 20 వాట్ల టైప్-సి అడాప్టరు సాధారణముగా సరిపోవును. ఆ అడాప్టరుమీద భారతీయ ప్రమాణముల సంస్థ వారి ముద్రయు, ఆర్ అక్షరముతో మొదలగు సంఖ్యయు నున్నవా యని చూడుడు. అడాప్టరులకు ఆ నమోదు నిర్బంధము. సంఖ్య నిజమైనదో కాదో ఆ సంస్థవారి బీఐఎస్ కేర్ యాపులో తెలియును. ఫోను, గడియారము, చెవిపోగులవలె పెట్టుకొను ఇయర్‌బడ్లు మూడును ఒకే పలకమీద యను ఆశకు లోబడువారు ఒక్క చరిత్ర వినవలయును. 2017లో ఆపిల్ అట్టి పలకను ఎయిర్‌పవర్ అను పేర ప్రకటించి, తన ప్రమాణములను అందుకొనలేదని 2019 మార్చిలో తానే విరమించుకొనినది. అపార ధనముగల కంపెనీకి లొంగనిది, సంతలో తొమ్మిదివందల రూపాయలకు లొంగినదని చెప్పిన నమ్ముటకు ముందు పట్టికను చూడవలదా?

ఇంకొక పరీక్ష మేము సూచింతుము. దీనికి వెబ్‌సైటు సయితము వలదు. అంగడిలోనే ప్యాడును వెలిగించి, దానిపై మీ ఫోనును గాక మీ వెంట వచ్చిన వేఱొకరి, వేఱొక కంపెనీ ఫోనును ఉంచుడు. ఇంటికి వచ్చిన అతిథి ఫోనునకు పట్టెడన్నము పెట్టలేని ప్యాడు మీ యింటి ఫోనును కట్టివేయుటకు వచ్చినదని తెలిసికొనవలయును.

మోసము జరిగినచో చేతులు ముడుచుకొనుట తగదు. 2020 జూలైలో అమలునకు వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము కొన్నవాని చేతికి మంచి యాయుధము నిచ్చినది. అంగడి ఎచ్చటనున్నను, ఆన్‌లైను సంత ఏ నగరముననున్నను, కొన్నవాడు తాను నివసించు లేక పనిచేయు జిల్లాలోని కమిషను నెదుటనే ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షల వఱకు వెలగల వస్తువులకు రుసుము లేదు. వకీలును పెట్టుకొన నక్కఱయు లేదు. ఈ మాట మా వృత్తివారికి రుచింపదేమో కాని నిజము. గడువు రెండేండ్లు. బిల్లు నియ్యకుండుట సయితము ఆ చట్టమున అక్రమ వ్యాపార పద్ధతిగా నెంచబడినది. 1915 సంఖ్యకు ఫోను చేసిన మొదటి సలహా ఉచితముగా దొరకును. కాని పెట్టె చింపి పాఱవేసి, బిల్లు వలదని పదిరూపాయలు తగ్గించుకొని వచ్చినవానికి ఏ చట్టమును సాయపడలేదు.

ప్రభుత్వముచేత చేయింపవలసినదియు నున్నది. ప్యాడు పెట్టెమీద అది ఉమ్మడి ప్రమాణమున ఏ ఫోనుకైనను ఇయ్యగల వాట్లను ముందు, తన కంపెనీ ఫోనునకు మాత్రమే యిచ్చు వాట్లను తరువాత, రెంటిని ఒకే పరిమాణపు అక్షరములలో అచ్చువేయవలయునని నియమము చేయవలయును. అడాప్టరు లోపల లేనిచో లేదని పెట్టె ముందు భాగముననే వ్రాయవలయును. "చీ" పేరును ముద్రలేక వాడుకొనువానిని, ఖద్దరు పేరును దొంగిలించినవానిని చూచినట్లే చూడవలయును. ఇందులకు కోట్ల వ్యయము లేదు. ఒక ఉత్తర్వు చాలును. పార్లమెంటు సభ్యులు తమ చేతి ఫోను ప్యాడును ఒకమాఱు త్రిప్పి చూచిన ప్రశ్న దానంతట పుట్టును.

గ్రంథాలయముల కార్యదర్శులకొక మనవి. చదువరుల బల్లకడ ప్యాడు నుంచదలచినచో, ఏ దాతయో తన కంపెనీ ఫోనునకు వచ్చిన 50 వాట్ల ప్యాడును ఉదారముగా నిచ్చిననుగూడ దానిని బల్లపై పెట్టవలదు. సామాన్యపు చీ సర్టిఫైడ్ ప్యాడులు రెండు, ముద్రగల అడాప్టరులు రెండు కొనుడు. నాణెములు, తాళపుచెవులు దానిపై నుంచరాదని ప్రక్కన నొక చీటి యంటింపుడు. బిల్లులను మినిట్సు పుస్తకములో కుట్టియుంచుడు.